కార్బరేటర్ కారుకి ఎంత ప్రెషర్ కావాలి? పెట్రోల్ పంపుల మీద మీ ప్రశ్నలు

పాత కార్ల పెట్రోల్ ట్యాంకుల గురించి రాసిన తర్వాత వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పంపు చుట్టూనే తిరిగాయి. ఒకే ప్రశ్నను వేర్వేరు మాటల్లో అడిగినవాటిని కలిపేశాను. జవాబులకు ముందు ఒక్క మాట చెప్పాలి. కొత్త పంపు కొనే ముందు ప్రెషర్ గేజ్ కొనండి. టైరు గేజ్ పనికిరాదు, దాని మీద 2, 3 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లు అనే ప్రెషర్ కొలత) అసలు కనపడవు. 0 నుంచి 15 పీఎస్‌ఐ వరకు చూపే చిన్న గేజ్, ఒక టీ జాయింటు (మూడు వైపులా పైపు తగిలించే ముక్క), కాస్త పెట్రోల్ హోస్ ఉంటే చాలు. కింద చెప్పబోయేవాటిలో సగం విషయాలు ఆ గేజ్ చూపించే అంకె తెలియకుండా తేలవు, తెలియకుండానే పంపులు, కార్బరేటర్లు (గాలిలో పెట్రోల్ కలిపి ఇంజిన్‌కి అందించే భాగాలు) మార్చేసి డబ్బులు పోగొట్టుకుంటున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

మాది 1986 ప్రీమియర్ పద్మిని. పాత పంపు లీకవుతోందని కొత్తది వేయించాను. అప్పట్నుంచి కార్బరేటర్ మీద పెట్రోల్ కారుతోంది, ఇంజిన్ ఆపాక వాసన భరించలేకపోతున్నాం. ఒక మెకానిక్ కార్బరేటర్ మార్చెయ్యమంటాడు, ఇంకొకాయన పంపు కింద రెండు ప్యాకింగ్‌లు ఎక్కువేస్తే సరిపోతుందంటాడు. ఎవరి మాట వినాలండీ? (గుంటూరు నుంచి ఒక పాఠకుడు)

ముందు ఆ కారు నడపడం ఆపండి. కారిన పెట్రోల్ వేడి మానిఫోల్డ్ (ఇంజిన్ పొగ బయటికి వచ్చే గొట్టం) మీద పడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. బాగయ్యేదాకా బయటికి తీయకండి, షెడ్డు దాకా కూడా లాగించే తీసుకెళ్లండి.

ఇప్పుడు అసలు సంగతి. మీ కారు పంపులో ఒక రబ్బరు డయాఫ్రం (పైకీ కిందికీ ఆడే పలచని పొర), దాని కింద స్ప్రింగు, రెండు వన్‌వే వాల్వులు ఉంటాయి. ఇంజిన్‌లోని క్యామ్ షాఫ్ట్ తిరుగుతూ పంపు లివర్‌ని కదిపితే డయాఫ్రం కిందికి దిగుతుంది, ట్యాంకులోంచి పెట్రోల్ లాగుతుంది. పైకి నెట్టే పని మాత్రం క్యామ్‌ది కాదు, స్ప్రింగుది. అంటే పంపు ఇచ్చే ప్రెషర్ ఆ స్ప్రింగు బలమే. ఇంజిన్ ఎంత వేగంగా తిరిగినా స్ప్రింగు తోసేంతే తోస్తుంది, కార్బరేటర్ నిండిపోయి దారి మూసుకుంటే డయాఫ్రం కిందే ఉండిపోతుంది, లివర్ ఊరికే ఆడుతుంటుంది. 1930ల నాటి కార్లలోనూ ఇదే పద్ధతి.

కార్బరేటర్ వైపు ఆ దారి మూసేది నీడిల్ వాల్వు. మన ఇంటి మీది ట్యాంకులో బాల్ వాల్వు ఎలా పనిచేస్తుందో ఇదీ అంతే. పెట్రోల్ మట్టం పెరిగితే ఫ్లోట్ పైకి తేలి సూదిని రంధ్రంలోకి నొక్కుతుంది. నొక్కే బలం ఫ్లోట్ తేలడం వల్ల వచ్చేది మాత్రమే, చాలా తక్కువ. పైనుంచి పంపు ప్రెషర్ అంతకంటే ఎక్కువైతే సూది వెనక్కి జరిగి పెట్రోల్ ఆగకుండా వస్తూనే ఉంటుంది. మీ పద్మినిలో ఉండే సోలెక్స్ లాంటి కార్బరేటర్లకు 2 నుంచి 3.5 పీఎస్‌ఐ మధ్య హాయిగా ఉంటుంది. ఇప్పుడు బజార్లో దొరికే కొత్త పంపుల్లో కొన్ని 5, 6 దాకా తోస్తాయి, పెట్టె మీద మాత్రం మీ కారు పేరే ఉంటుంది.

కాబట్టి పంపుకీ కార్బరేటర్‌కీ మధ్య టీ జాయింటు వేసి గేజ్ తగిలించి, ఇంజిన్ స్టార్ట్ చేసి చూడండి. ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరుగుతుండగా) 3 లోపు చూపిస్తూ కూడా కారుతుంటే పంపుది తప్పు కాదు. నీడిల్ వాల్వు అరిగిందో, సూది కింద తుప్పు నలుసు చిక్కుకుందో, ఫ్లోట్‌కి చిల్లు పడి లోపలికి పెట్రోల్ చేరిందో చూడాలి. ఫ్లోట్‌ని తీసి చెవి దగ్గర ఊపితే లోపల పెట్రోల్ చప్పుడు తెలిసిపోతుంది. కొత్త పంపు వేసేటప్పుడు పాత పైపులు కదిలి లోపలి మురికి కొట్టుకొచ్చి సూదిలో ఇరుక్కోవడం చాలా మామూలు. అందుకే కార్బరేటర్ మార్చే ముందు నీడిల్ వాల్వు విప్పి శుభ్రం చేయించండి, ఖర్చు తక్కువ.

గేజ్ 5 చూపిస్తే మాత్రం అది పంపు సంగతే. ఎక్కువ ప్యాకింగ్‌లు వేయమన్న మెకానిక్ మాటలో నిజం కొంత ఉంది. ప్యాకింగ్ మందం పెరిగితే లివర్ తక్కువ కదులుతుంది, స్ప్రింగు తక్కువ నొక్కుకుంటుంది, ప్రెషర్ కాస్త తగ్గుతుంది. కానీ అదే దెబ్బకి పంపు తోడే పెట్రోల్ కూడా తగ్గిపోతుంది, ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ఇంజిన్ మిస్సింగ్ కొడుతుంది. అసలు వేడి ఎక్కకుండా అడ్డుగా ఉండే మందపాటి బేకలైట్ ముక్క ఒకటి పంపుకీ బ్లాకుకీ మధ్య ఉంటుంది. అది తీసేసి బిగించినా ప్రమాదమే, లివర్ అతిగా నొక్కుకుని విరుగుతుంది. కంపెనీ ఎంత మందం ఇచ్చిందో అంతే ఉంచండి. స్ప్రింగుని కోయడం లాంటి పనులు అస్సలు వద్దు. నా ఓటు మీ పాత పంపుకే. అది ఇంకా మీ దగ్గరే ఉంటే కొత్త డయాఫ్రం, వాల్వులు వేయించి అదే బిగించండి. అది పోయిందంటే కొత్త పంపుకి ప్రెషర్ తగ్గించి వదిలే రెగ్యులేటర్ తగిలించండి, దాని గురించి కింద ఉంది.

ఖమ్మం ఎండలు మీకు తెలియనివి కావు. మా అంబాసిడర్ మధ్యాహ్నం పూట ట్రాఫిక్‌లో ఆగితే మళ్లీ కదలదు. పంపు మీద తడిగుడ్డ వేసి పావుగంట ఆగితే స్టార్టవుతుంది. ఎలక్ట్రిక్ పంపు పెట్టిస్తే పోతుందా సార్? (ఖమ్మం)

పోవచ్చు. కానీ ముందు అది పెట్రోల్ ఆవిరి సమస్యేనా అని తేల్చుకోండి. వేడెక్కితే ఇగ్నిషన్ కాయిల్ పనిచేయడం మానేసినా సరిగ్గా ఇలాగే ఆగుతుంది, చల్లారాక స్టార్టవుతుంది. తడిగుడ్డ వేయడానికి పట్టిన పావుగంటలో కాయిల్ కూడా చల్లారుతుంది కదా, అందుకే గుడ్డ వల్ల బాగైందని నమ్మేస్తాం. ఈసారి ఆగినప్పుడు ముందు ప్లగ్గు దగ్గర స్పార్క్ వస్తోందో లేదో చూపించండి. తర్వాత ఎయిర్ క్లీనర్ తీసి, ఇంజిన్ ఆపి ఉండగానే యాక్సిలరేటర్ కదిపి కార్బరేటర్ గొంతులోకి చూడండి. యాక్సిలరేటర్ పంపు ఉన్న కార్బరేటర్ అయితే సన్నని పెట్రోల్ ధార పడాలి. స్పార్క్ ఉండి, ధార లేకపోతే పెట్రోల్ రావడం లేదన్నమాట. ఇంకొక చిన్న పరీక్ష ఉంది. ట్యాంకు మూత తీసినప్పుడు బుస్సుమని గాలి లోపలికి పోతే మూతకున్న గాలి రంధ్రం మూసుకుపోయింది. దానికి ఏ పంపూ అక్కర్లేదు, రంధ్రం శుభ్రం చేస్తే చాలు.

ఇవేవీ కాకపోతే ఆవిరే. ఇంజిన్ మీద బిగించిన పంపు ట్యాంకు నుంచి పెట్రోల్‌ని పీలుస్తుంది, పీల్చే పైపులో ప్రెషర్ పడిపోతుంది, ప్రెషర్ తగ్గిన చోట ద్రవం త్వరగా మరుగుతుంది. పెట్రోల్‌లోని తేలిక భాగాలు 40 డిగ్రీల దగ్గరే ఆవిరవడం మొదలెడతాయి, బానెట్ కింద వేడి అంతకంటే చాలా ఎక్కువ. పంపులోకి ఆవిరి చేరితే డయాఫ్రం ఆడుతూనే ఉంటుంది కానీ ఆ ఆవిరిని కుదించి వదలడం తప్ప ముందుకి తోయలేదు. ఎలక్ట్రిక్ పంపుని వెనక, ట్యాంకు దగ్గర, వీలైతే ట్యాంకు అడుగు మట్టానికి కిందుగా పెడితే అది పీల్చాల్సింది దాదాపు ఉండదు, పైపు పొడవునా పెట్రోల్ ప్రెషర్‌లోనే ఉంటుంది కాబట్టి అంత త్వరగా మరగదు. ఎలక్ట్రిక్ పంపు వల్ల వచ్చే లాభమంతా అది కూర్చునే చోటులో ఉంది. దాన్నే తీసుకెళ్లి ఇంజిన్ పక్కన బిగిస్తే మీ సమస్య అలాగే ఉంటుంది.

అంతకంటే ముందు చౌకలో అయ్యే పని ఒకటి చేయండి. ట్యాంకు నుంచి వచ్చే పైపు సైలెన్సర్ పైపుకి, మానిఫోల్డ్‌కి ఎక్కడ దగ్గరగా వెళ్తోందో చూసి దూరం జరిపించండి, కుదరని చోట రేకు అడ్డం పెట్టించండి. అలాగే కార్బరేటర్‌కి ముందు టీ వేసి, ఒక మిల్లీమీటరు చిన్న రంధ్రం గుండా కొంచెం పెట్రోల్ మళ్లీ ట్యాంకులోకి వెళ్లేలా రిటర్న్ పైపు పెట్టిస్తే పైపులో పెట్రోల్ నిలిచి కాగకుండా ఎప్పుడూ చల్లటిది వస్తూ ఉంటుంది. మన ఎండలకి ఇది ఎంత మేలు చేస్తుందో చెప్పలేను, ఆ చిన్న రంధ్రం వల్ల ఇంజిన్ ఆపాక పైపులో మిగిలిన ప్రెషర్ కూడా వెనక్కి జారిపోతుంది, ఆపిన పది నిమిషాలకు వచ్చే పెట్రోల్ వాసనా తగ్గుతుంది.

అన్నా, ఆటోనగర్‌లో పాత ఎంపీఎఫ్‌ఐ కారు పంపు చౌకగా దొరుకుతోంది. అది వేసి ముందర రెగ్యులేటర్ పెడదామంటున్నాడు మా మెకానిక్. బలమైన పంపు ఉంటే మంచిదే కదా? (విజయవాడ)

వద్దు తమ్ముడూ. ఎంపీఎఫ్‌ఐ అంటే కార్బరేటర్ లేకుండా ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే పద్ధతి. ఆ పంపు ఆ ఇంజెక్షన్ కోసం చేసింది, సుమారు 3 బార్, అంటే 43 పీఎస్‌ఐ మీద పనిచేస్తుంది. నీ కార్బరేటర్‌కి కావాల్సింది దాంట్లో పదిహేనో వంతు. రిటర్న్ లేకుండా ముందర దారి మూస్తే ప్రెషర్ ఇంకా పెరుగుతుంది. మామూలు కార్బరేటర్ రెగ్యులేటర్ అంత ప్రెషర్‌ని ఆపేలా చేసింది కాదు, ఇంజెక్షన్ కారు రెగ్యులేటర్ పెట్టావంటే అది 3 పీఎస్‌ఐ దాకా కిందికి దిగదు. పైగా ట్యాంకు లోపల పెట్రోల్‌లో మునిగి చల్లబడుతూ పనిచేసేందుకు చేసిన పంపుని బయట వేలాడదీస్తే అది త్వరగా కాలిపోతుంది. పాత హోస్ ఒకటి ఊడితే క్షణాల్లో బానెట్ అంతా పెట్రోలే. ఇందులో బేరమేమీ లేదు.

పెట్టె మీద గంటకి 100 లీటర్లు అని ఒక పంపుకి, 130 అని ఇంకోదానికి రాసి ఉంది. నాది 1489 సీసీ అంబాసిడర్. ఏది కొనాలి, రెగ్యులేటర్ అవసరమా, సెట్ చేయడం ఎలా? (హైదరాబాద్)

లీటర్ల గురించి టెన్షన్ పడకండి. పెట్రోల్ ఇంజిన్ పూర్తి బలంతో లాగేటప్పుడు ఒక్కో హార్స్ పవర్‌కి గంటకి సుమారు 230 గ్రాముల పెట్రోల్ తాగుతుంది. మీ ఇంజిన్‌ది 50 హార్స్ పవర్ అనుకుంటే గంటకి పదకొండున్నర కిలోలు, లీటర్లలో 15 చిల్లర. అంటే నిమిషానికి పావు లీటరు. అదీ యాక్సిలరేటర్ నేలకి ఆనించి గంటసేపు నడిపితేనే. కాబట్టి 100 అయినా 130 అయినా మీకు ఎక్కువే, ఈ అంకె చూసి డబ్బు ఎక్కువ పెట్టడం దండగ. చూడాల్సింది ప్రెషర్. పెట్టె మీద 1.5 నుంచి 4 పీఎస్‌ఐ లోపు రాసి ఉన్న పంపు ఎంచుకోండి. చిన్న చతురస్రపు డబ్బాలా ఉండి టకటకమని కొట్టుకునే సాలిడ్ స్టేట్ పంపులు మన కార్లకి బాగా సరిపోతాయి, కరెంటు తక్కువ తింటాయి, ముందర దారి మూసుకుంటే వాటంతట అవే ఆగుతాయి. ఫేసెట్ అనే కంపెనీవి ఎక్కువమంది వాడతారు. చూడ్డానికి అచ్చం అలాగే ఉండే పంపులు చౌకలో బోలెడు వస్తున్నాయి, వాటి మీద రాసిన అంకెని గేజ్‌తో చూడకుండా నమ్మకండి. రోటరీ రకం పెద్ద పంపులు అమెరికన్ వీ8 ఇంజిన్లకి, మీకు అక్కర్లేదు.

పంపు ప్రెషర్ 3 లోపే ఉంటే రెగ్యులేటర్ పెట్టకండి. ప్రతి అదనపు జాయింటూ లీకవ్వడానికి ఒక చోటే. దాటితే మాత్రం తప్పదు. ఒకటి నుంచి ఆరు దాకా అంకెలున్న డయల్ తిప్పే చిన్న రెగ్యులేటర్లు బజార్లో ఎక్కువ కనిపిస్తాయి. ఆ అంకెలకీ బయటికి వచ్చే ప్రెషర్‌కీ పొంతన ఉండదు, డయల్ 2 మీద పెడితే గేజ్ 4 చూపించడం మామూలే. స్క్రూ, లాక్ నట్టు ఉండి 1 నుంచి 4 పీఎస్‌ఐ మధ్య తిప్పగలిగేది మేలు. కింద గాజు గిన్నెలో ఫిల్టర్ ఉన్న ఫిల్టర్ కింగ్ రకం ఇంకా సౌకర్యం, నీళ్లు, తుప్పు చేరితే కంటికి కనిపిస్తాయి.

సెట్ చేసేటప్పుడు రెగ్యులేటర్‌ని కార్బరేటర్‌కి దగ్గరగా, వేడి మానిఫోల్డ్‌కి దూరంగా బిగించి, గేజ్‌ని రెగ్యులేటర్ తర్వాత పెట్టండి. స్క్రూ పూర్తిగా వదులు చేసి మొదలెట్టి, ఇంజిన్ ఐడిల్‌లో తిరుగుతుండగా మెల్లగా బిగిస్తూ 2.5 దగ్గర ఆపండి, లాక్ నట్టు బిగించండి. ఇప్పుడు ఇంజిన్ ఆపి, పంపు మాత్రం ఆన్‌లో ఉంచి రెండు నిమిషాలు గేజ్ చూస్తూ ఉండండి. ముల్లు అక్కడే నిలబడితే మంచిది. మెల్లమెల్లగా 3, 4, 5 అంటూ పాకుతుంటే రెగ్యులేటర్ లోపల సీటు సరిగ్గా మూసుకోవడం లేదు, అది పనికిరాదు, ఎంత తిప్పినా లాభం లేదు. తర్వాత కార్బరేటర్ దగ్గర పైపు విప్పి, చల్లారిన ఇంజిన్ మీద, డబ్బాలోకి ఒక నిమిషం పెట్రోల్ పట్టి చూడండి. అర లీటరు వస్తే మీ అవసరానికి రెట్టింపు ఉన్నట్టు. నూనె నింపిన గేజ్‌లు ఇంజిన్ వేడికి తప్పు చూపిస్తాయి, పొడి గేజ్ తీసుకోండి. నడుస్తున్నప్పుడు చూద్దామని పెట్రోల్ నిండిన గేజ్ పైపుని కారు లోపలికి మాత్రం తేవద్దు.

ఫిల్టర్ల విషయంలో ఒకటి గుర్తుంచుకోండి. పంపుకి ముందు పెద్ద కన్నాల జాలీ, పంపు తర్వాత సన్నది. సన్నని ఫిల్టర్ ముందు పెడితే పంపు పీల్చలేక అవస్థ పడుతుంది, ఎండాకాలంలో ఆవిరి సమస్యని మీరే కొని తెచ్చుకున్నట్టు.

వైరింగ్ గురించి మీరు అడగలేదు, నేను మాత్రం చెప్పకుండా వదలను. చాలా షెడ్లలో ఎలక్ట్రిక్ పంపు తీగని నేరుగా ఇగ్నిషన్ స్విచ్‌కి కలిపేసి పంపించేస్తున్నారు. ప్రమాదం జరిగి ఇంజిన్ ఆగిపోయినా తాళం ఆన్‌లోనే ఉంటుంది, పంపు తోడుతూనే ఉంటుంది, తెగిన పైపులోంచి పెట్రోల్ రోడ్డు మీద పారుతూనే ఉంటుంది, లోపల మనుషులు ఇరుక్కుని ఉంటారు. ఫ్యూజు, రిలే తప్పనిసరి. దాంతోపాటు ఆయిల్ ప్రెషర్ లేకపోతే పంపుని ఆపే స్విచ్ గానీ, ఇగ్నిషన్ కాయిల్ నుంచి సంకేతం ఆగితే కరెంటు కోసే రిలే గానీ, గుద్దుకున్న అదురుకి తెగిపోయే ఇనర్షియా స్విచ్ గానీ పెట్టించండి. ఆయిల్ ప్రెషర్ స్విచ్ వాడితే సెల్ఫ్ కొట్టేటప్పుడు పంపు తిరగడానికి వేరే తీగ ఇవ్వాలి. ఇవన్నీ కలిపినా పంపు ధర దాటదు.

డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పైగీత దాటి ఉంది, పెట్రోల్ వాసన వస్తోంది. నేను ఆయిల్ పోయలేదు. (కర్నూలు)

చాలా మటుకు పంపు డయాఫ్రం చిరిగి ఉంటుంది. చిరుగులోంచి పెట్రోల్ లివర్ పక్కగా ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతోంది. ఇంక స్టార్ట్ చేయకండి. పలచబడ్డ ఆయిల్‌తో బేరింగులు పోతాయి, పైగా ఆయిల్ ఛాంబర్లో పెట్రోల్ ఆవిరి నిండి ఉంటుంది. కొత్త డయాఫ్రం వేసి, ఆయిల్ మొత్తం దింపి, ఫిల్టర్ మార్చాకే తాళం తిప్పండి.

ఇలాంటిదే ఇంకో ఉత్తరంలో ఒకరు ఎలక్ట్రిక్ పంపు వెనక పెట్టించి, పాత మెకానికల్ పంపుని కూడా లైన్లోనే ఉంచేశామని రాశారు. అలా ఉంచకండి. పాత డయాఫ్రం చిరిగిన రోజున ఎలక్ట్రిక్ పంపు ట్యాంకులోని పెట్రోల్‌ని ఆపకుండా ఆయిల్‌లోకి తోసేస్తుంది. మెకానికల్ పంపుని తీసేసి ఆ చోట ప్యాకింగ్‌తో పాటు పలక బిగించి మూసెయ్యండి.

ఇంగ్లండ్‌లో ఉంటాను. 1966 ఎంజీబీ ఉంది. ఇగ్నిషన్ వేయగానే వెనక టిక్కు టిక్కుమనే పంపు ఈమధ్య ఆగకుండా కొట్టుకుంటోంది, ఒక్కోసారి అసలు పలకదు, స్పానర్‌తో తడితే కదులుతుంది. (బర్మింగ్‌హామ్)

అందమైన కారు. ఆ ఎస్‌యూ కంపెనీ పంపు చెప్పే మాట వినడం నేర్చుకుంటే గేజ్ కూడా అక్కర్లేదు. తాళం వేయగానే కాసేపు గబగబా కొట్టుకుని కార్బరేటర్లు నిండాక ఆగాలి. ఇంజిన్ ఆపి ఉండగా కొన్ని సెకన్లకోసారి టిక్కుమంటుంటే ఎక్కడో పెట్రోల్ జారుతోంది. పంపు బయటికి వచ్చే పైపు మూసి చూడండి, టిక్కులు ఆగితే కార్బరేటర్ నీడిల్ వాల్వు లీకు, ఆగకపోతే పంపు లోపలి వాల్వు. పెట్రోల్ రాకుండా గబగబా కొట్టుకుంటుంటే ట్యాంకు ఖాళీ, లేదా పీల్చే వైపు జాయింటులో గాలి దూరుతోంది. తడితేనే కదులుతుంటే లోపలి కాంటాక్ట్ పాయింట్లు కాలిపోయాయి.

పాయింట్లకి బదులు ఎలక్ట్రానిక్ కిట్ వేస్తారు, మంచిదే, కానీ 1967 దాకా వచ్చిన ఎంజీబీలు పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ కొసని బాడీకి కలిపినవి. పాయింట్ల పంపుకి ఎటు తీగ ఇచ్చినా నడిచినా, ఎలక్ట్రానిక్ రకానికి ధ్రువం తప్పితే ఆ క్షణమే కాలిపోతుంది. ఎవరైనా మధ్యలో నెగటివ్‌కి మార్చారేమో బ్యాటరీ దగ్గర చూసి కొనండి. ఎస్‌యూ కార్బరేటర్‌కి ఎస్‌యూ పంపే ఉంటే రెగ్యులేటర్ ఊసే వద్దు, రెండూ ఒకదానికొకటి సరిపడేలా చేసినవే.

టెక్సాస్‌లో 1966 మస్టాంగ్, 289 ఇంజిన్, రెండు బ్యారెళ్ల కార్బరేటర్. నాన్నగారు ఊళ్లో తన అంబాసిడర్‌కి 2.5 చాలంటారు, ఇక్కడ షాపులో 5, 6 అంటున్నారు. ఎవరు కరెక్ట్?

ఇద్దరూ. ఆ కార్బరేటర్ ఫ్లోట్, సూది 5, 6 పీఎస్‌ఐని ఆపేలా చేశారు, దానికి 2.5 ఇస్తే హైవే మీద కార్బరేటర్ గిన్నె ఖాళీ అవుతుంది. మీ ఇంజిన్‌ది 200 హార్స్ పవర్, పై లెక్క ప్రకారం గంటకి 60 లీటర్లు. ఫోర్డ్ ఇచ్చిన మెకానికల్ పంపుకి ఇది తేలిక, బాగుంటే దాన్నే ఉంచండి. ఏ కారుకైనా ఏ అంకె అనేది కార్బరేటర్ని బట్టే: ఎస్‌యూకి 2 నుంచి 3, వెబర్ డీసీఓఈకి 2.5 నుంచి 3.5, హోలీకి 5 నుంచి 7. కారు పాతదైనా పైన వేరే కార్బరేటర్ కూర్చుని ఉంటే దాని అంకే లెక్క.

ఈ20 పెట్రోల్ వచ్చాక పైపులు జిగురుగా అవుతున్నాయి, పంపు డయాఫ్రం ఏడాది కూడా రావడం లేదు. నిజంగా ఇథనాల్ వల్లేనా? (రాజమండ్రి)

చాలా వరకు అవును. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలై 2025కల్లా దేశమంతా పరుచుకుంది. మీ కారు తయారైన రోజుల్లో రబ్బరు ఎంచుకున్నవాళ్లకి ఇథనాల్ లెక్కలోనే లేదు. పాత రబ్బరు దానికి ఉబ్బి, మెత్తబడి, ఆరినప్పుడు పగుళ్లిస్తుంది. ట్యాంకులో ఏళ్ల తరబడి అంటుకున్న జిగురుని, తుప్పుని కూడా వదిలించి పంపు వైపు పంపుతుంది, అందుకే మొదటి కొన్ని నెలలు ఫిల్టర్ని తరచూ చూస్తుండాలి. కారు నెలల తరబడి నిలబెడితే గాల్లోని తేమ పీల్చుకుని నీళ్లు, ఇథనాల్ అడుగున విడిపోతాయి, పంపు పీల్చేది ఆ అడుగు నుంచే.

హోస్ కొనేటప్పుడు దాని మీద అచ్చు చూడండి. ఎస్ఏఈ జే30 ఆర్9 అని ఉంటే లోపలి పొర ఇథనాల్‌ని తట్టుకునేది. పేరూ ఊరూ లేని నల్ల పైపుని మీటర్ల లెక్కన కోసిచ్చేది వద్దు. డయాఫ్రం కిట్ కొనేటప్పుడు కూడా ఇథనాల్‌కి ఆగుతుందా అని అడిగి తీసుకోండి. జాయింట్లకి టెఫ్లాన్ టేప్ చుట్టే అలవాటు మాన్పించండి మీ మెకానిక్ చేత, దాని పోగులు తెగి నేరుగా నీడిల్ వాల్వులోకి పోతాయి. రెండేళ్లకోసారి పైపులన్నీ మార్చడం ఈ పెట్రోల్‌తో ఇక మామూలు ఖర్చు కిందే లెక్కేసుకోవాలి.

వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి అప్లై చేద్దామనుకుంటున్నాను. ఎలక్ట్రిక్ పంపు పెడితే అడ్డమా? (సికింద్రాబాద్)

2021లో వచ్చిన నిబంధన ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండి, ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు లేని బండికి వింటేజ్ హోదా, వీఏ నంబరు ఇస్తారు. నా సలహా ఏమిటంటే అసలు పంపుని బాగు చేయించి ఇంజిన్ మీదే ఉంచండి. ఆ హోదా వచ్చాక కారుని రోజూ తిప్పడానికి ఎలాగూ వీల్లేదు, ప్రదర్శనలకి, ర్యాలీలకి వెళ్లొచ్చే కారుకి ఆ పంపు సరిపోతుంది.

రెండేళ్లుగా షెడ్డులో ఉన్న ఫియట్‌ని స్టార్ట్ చేద్దామని పంపు పక్కనున్న చేతి లివర్ ఎంత కొట్టినా పెట్రోల్ ఎక్కడం లేదు, లివర్ వదులుగా ఊగుతోంది. పంపు పోయినట్టేనా? (అనంతపురం)

అప్పుడే తీర్పు చెప్పకండి. ఇంజిన్ ఆగిన చోట క్యామ్ ఎత్తు భాగం పంపు లివర్‌ని నొక్కిపట్టి ఉంటే డయాఫ్రం అప్పటికే కిందికి దిగి ఉంటుంది, చేతి లివర్‌కి లాగడానికి ఏమీ మిగలదు. కారుని న్యూట్రల్‌లో పెట్టి ఇంజిన్‌ని చేత్తో ఒక చుట్టు తిప్పి మళ్లీ కొట్టి చూడండి. చేతికి స్ప్రింగు బరువు తగలాలి. తగిలినా పెట్రోల్ రాకపోతే వాల్వులు ఎండిపోయి అతుక్కుని ఉంటాయి. ట్యాంకులో ఉన్న రెండేళ్ల నాటి పెట్రోల్ మొత్తం దింపేసి, పంపుకి వచ్చే పైపుని శుభ్రమైన పెట్రోల్ ఉన్న చిన్న డబ్బాలో ముంచి ఇరవై ముప్పైసార్లు కొట్టండి, తడి తగిలితే వాల్వులు చాలాసార్లు వదులుతాయి. అప్పటికీ రాకపోతే పంపు విప్పి కిట్ వేయించండి. ఆ పాత పెట్రోల్‌ని మాత్రం కార్బరేటర్ దాకా రానివ్వకండి.